డీజిలు జోల

తమ్ముడు దేముడికి ఖరగ్‌పూర్ నుంచి రాధక్క దీవెనలు. ఫోనులో నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి కార్డు రాస్తున్నాను.

“ఒక్కర్తివీ రాకక్కా, ఇంగ్లండులో నిద్దరోయి టేసను దాటిపోనావు కదా” అన్నావు. దాటిన మాట నిజమే. ముప్పయ్యేళ్లు డీజిల్ షెడ్డు పక్క క్వార్టర్లో కాపురం చేసినదాన్ని, ఆ ఇంజను మోత నాకు జోలపాట. అక్కడి రైలూ డీజిలుదే, మా అమ్మాయి ఊరు స్కిప్టన్‌లో దిగకుండా లైను చివర కార్లైల్ దాకా నిద్రపోయాను. భాష రాకపోయినా, అడ్రసు కాగితం చూపించి, ఇంకో రైలెక్కి ఒక్కదాన్నే తిరిగొచ్చాను. అది మాత్రం ఎవరికీ చెప్పవు!

నీ కోడలి సీమంతానికి శుక్రవారం పలాసలో దిగుతాను. నులకమంచం బిగించి ఉంచు. మోకాలి నొప్పి తగ్గిందా? మరదలికి, పిల్లలకు ఆశీస్సులు.

స్టేషనుకు ఎవరూ రావద్దు. మన లైనంతా ఇప్పుడు కరెంటు ఇంజన్లే, నాకు కన్ను మూతపడదు.