నాన్న చేతికి పసుపు పట్టీ

నవంబరు 16, ఆదివారం

ఇవాళ నీళ్ల ఆటల పార్కు గేటు దగ్గర నాన్న పిల్లల పట్టీ అడిగాడు.

అక్కడ పెద్దవాళ్ల చేతికి ఎర్ర కాగితం పట్టీ, నాకూ తమ్ముడికీ పసుపుది. ఎర్రది ఉంటేనే లోపల కొత్తగా పెట్టిన బీరు కౌంటర్లో పోస్తారట.

"నాకూ పసుపుదే కట్టీయమ్మా" అన్నాడు నాన్న.

"మీకెన్నేళ్లేటి బాబూ?" పట్టీలు కట్టే అమ్మాయి నవ్వింది.

"మందు మానేసి పది నెల్లే అయింది. ఇంకా పిల్లోడినే."

ఆమె నవ్వు ఆపి, జాగ్రత్తగా కట్టింది. అమ్మ తల పక్కకి తిప్పుకుంది.

మేము నీళ్లలో ఆడుతున్నంతసేపూ నాన్న గట్టు మీదే కూర్చున్నాడు. ఎదురుగా ఆ కౌంటరు. రెండుసార్లు అటు చూశాడు, రెండుసార్లూ వేలితో పట్టీని తడుముకున్నాడు. ఆ చూపుకి సరైన మాట కోసం ఇందాకటి నుంచి వెతుకుతున్నాను. ఆశ అని రాసి కొట్టేశాను. భయం అన్నా సరిపోలేదు.

ఇంటికొచ్చాక నేను కత్తెర తెస్తే నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఉండనీయమ్మా, రేపు పనికొస్తాది."

రేపు డ్యూటీ అయ్యాక, ప్లాంటులో నాన్నతో పనిచేసే స్నేహితుడి రిటైర్మెంటు పార్టీ. అందరూ తాగుతారు.

నీళ్లు చింది పట్టీ తడిసి చిరిగేలా ఉంది. రేపు పొద్దున్న నాన్న బయలుదేరేలోపే లేచి, దాని మీద సెల్లోటేపు చుట్టాలి.