వెచ్చదనానికి వేసిన పిల్లలు

మార్చి 11, మంగళవారం

దాణా అమ్మే ఫీడ్ స్టోర్‌లో కోడిపిల్లలు లేవు. వచ్చిన గంటలోనే అయిపోయాయట. గుడ్లు ప్రియమయ్యాయని ఊళ్లో ప్రతివాడూ ఉన్నట్టుండి రైతైపోయాడు. బ్యాంకు మేనేజరు కూడా కొన్నాడు. కోడికి ముందేదో వెనకేదో అతనికి తెలుసా అని నా అనుమానం.

ఫిబ్రవరిలో ముంగిసలాంటి ఆ మింక్ దూరి నా గూడంతా ఖాళీ చేసింది. మర్నాడు పక్కింటి హెల్వి గూడు కూడా. అందుకే సాయంత్రం హెల్వి కేటలాగ్ పట్టుకుని వచ్చింది. హేచరీ నుంచి పోస్టులో తెప్పిద్దామంది. కొన్నే అడిగితే పంపరట, దార్లో ఒకదాని వేడికి ఒకటి బతకాలి కనక. కాబట్టి ఇద్దరం కలిసి ఆర్డర్ ఇవ్వాలట. ప్రాణమున్నవాటిని చెప్పుల జతలా పెట్టెలో పెట్టి పంపడమేమిటన్నాను. కొత్తగా పుట్టిన పిల్ల కడుపులో పచ్చసొన మిగిలి ఉంటుందనీ, రెండు మూడు రోజులు తిండీ నీళ్లూ లేకపోయినా బతుకుతుందనీ చెప్పింది. నాకు తెలియనట్టు.

ఆమెకు నల్లవి కావాలి. నల్లవైతే మురికి కనబడదు. అదీ హెల్వి అంటే. నాకు బంగారు రంగు ఓర్పింగ్టన్ జాతివి. అన్నీ పెట్టలే.

సరేనన్నాను. గతిలేక.

ఏప్రిల్ 9, బుధవారం

పిల్లలు నిన్న బయలుదేరాయట. రేపు వస్తాయి. ఓలావి కిటికీలోంచి చూసి మంచు పడుతుందన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో మా ఆయన చెప్పిన జోస్యం అదొక్కటే. ఖర్మ, ఎప్పుడూ నిజమవుతుంది.

ఏప్రిల్ 10

రాలేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

రాలేదు. పైతీగల నుంచి మంచుగడ్డలు ఊడిపడుతున్నాయని పెద్ద వంతెన మూసేశారు. పోస్టు లారీ అవతలి ఒడ్డున ఆగిపోయింది. హెల్వి పొద్దుట్నుంచీ ఫోన్ చేస్తూనే ఉంది. వంతెన నేను మూసినట్టు.

ఏప్రిల్ 12, శనివారం

తెల్లవారుతూనే పోస్టాఫీసు గుమాస్తా మాకి ఫోన్ చేశాడు. కోడిపిల్లలు వచ్చాయంటే ఆ గోల భరించలేక అతను ఫోన్‌లోనే విసుక్కుంటాడు. ఇవాళ గొంతు తగ్గించాడు. "ఇర్మా గారూ, కాస్త తొందరగా రండి. పెట్టెలో పెద్దగా చప్పుడు లేదు" అన్నాడు.

హెల్విని ఎక్కించుకుని వెళ్లాను. కౌంటర్ మీదే మూత తీశాం. ఒక మూల పసుపుపచ్చ పిల్లలు ఒకదాని మీదొకటి ఎక్కి కదులుతున్నాయి. మిగతా పెట్టె తొక్కిన గడ్డిలా చదునుగా ఉంది. హెల్వి అక్కడే ఏడ్చేసింది. అరవై ఆరేళ్ల ఆడమనిషి, నలుగురిలో, కోళ్ల కోసం. మాకి టిష్యూ డబ్బా ఆమె వైపు జరిపాడు. తర్వాత నా వైపు కూడా. నేను ముట్టుకోలేదు.

పెరట్లో ఆవిరిస్నానాల గది, సౌనా, రాజేయమని ఓలావికి ఫోన్ చేశాను. అంత త్వరగా వేడెక్కే గది మా ఇంట్లో ఇంకోటి లేదు. హెల్వి కోటు కూడా విప్పకుండా కింది బల్ల మీద కూర్చుని, ఒక్కోదాని ముక్కు పంచదార నీళ్లలో ముంచింది. కొన్ని తాగాయి. కొన్ని ఆమె చేతిలోనే తల వాల్చాయి. చివరికి నల్లవి మూడు మిగిలాయి. పసుపువి పద్నాలుగు.

"ఇర్మా, బతికినవాటిని చెరిసగం చేసుకుందామే" అంది.

నల్లవి నీవి, పసుపువి నావి, ఆర్డర్‌లో ఉన్నట్టే అన్నాను.

పెట్టె నా వైపు తిప్పింది. "చచ్చిన పసుపువాటి రంగు వేరేగా ఉంది. ఒక్కసారి చూడు" అంది.

చచ్చినవాటి రంగుతో నాకేం పని? తన మూడింటినీ ఉన్ని టోపీలో పెట్టుకుని, చచ్చినవాటి పెట్టె చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. నేల ఇంకా గడ్డకట్టే ఉంది. ఎక్కడ పూడుస్తుందో మరి.

ఏప్రిల్ 13, ఆదివారం

నావి రెండు పోయాయి. హెల్విది ఒకటి పోయిందట. ఆమెకు నాలుగు ఇచ్చేయమన్నాడు ఓలావి. ముందు నీ పడవ ఇచ్చేయమన్నాను.

ఏప్రిల్ 28, సోమవారం

నా పిల్లలకు రెక్కల్లో ఈకలు వస్తున్నాయి. తెల్లవి. బంగారు ఓర్పింగ్టన్‌కి తెల్ల ఈకేమిటి?

హేచరీకి ఫోన్ చేశాను. గొంతును బట్టి బడి ఎగ్గొట్టి వచ్చినట్టున్న ఒకమ్మాయి తీసింది. మీకు కోళ్లకీ కాకులకీ తేడా తెలుసా అని అడిగాను. ఏదో టకటకా టైపు చేసింది.

"మేడమ్, అవి మీరు అడిగినవి కావు. చలిరోజుల్లో పెట్టె వెచ్చగా ఉండాలని ఊరికే కొన్ని వేస్తాం. అన్నీ పుంజులే."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మీరడిగినవి దార్లో పోయాయి కదా మేడమ్. ఫొటోలు అదే రోజు వచ్చాయి. నల్లవీ, బంగారు రంగువీ, విడివిడిగా పేర్చి మరీ తీశారు. రెండు రోజుల్లోపు చెప్పారు కాబట్టి రెండు రకాలూ మళ్లీ పంపిస్తున్నాం. ఇద్దరి పేర్లూ ఉన్నాయి."

ఫొటోలు హెల్వి తీసింది. గడ్డకట్టిన నేల మీద మోకాళ్లేసి, నావి కూడా పేర్చింది. నాతో ఒక్క మాట అనలేదు. ఎవరు చెయ్యమన్నారు ఆమెను?

పన్నెండు పుంజులు. పెట్టెలో కుక్కే చిత్తుకాగితాలకు నేను రెండు వారాలుగా మంచి దాణా పెడుతున్నాను.

హెల్వికి చెప్పలేదు.

మే 6, మంగళవారం

హెల్వి సిటీ ఆసుపత్రిలో ఉంది. విరేచనాలు, జ్వరం, లేవలేకపోయింది. ఓలావి చూసి అంబులెన్స్ పిలిచాడు. పక్కింట్లోనే ఉండి నేను చూడలేదు. అటు చూడటం మానేశాను కనక.

సాయంత్రం ఆరోగ్యశాఖ నుంచి ఒకావిడ ఫోన్. సాల్మొనెల్లా అంది. కోడిపిల్లలు చూడ్డానికి బాగున్నా ఒంట్లో ఉంటుందట. వాటిని పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుగుతున్నారా? వంటగదిలో పెట్టారా? ముద్దు పెట్టుకున్నారా?

నన్ను. కోడిపిల్లను ముద్దు పెట్టుకున్నావా అని. ఓలావికే దిక్కులేదు, కోడిపిల్లకా అన్నాను. నవ్వలేదు. పక్కింటావిడ పెట్టుకున్నానని ఒప్పుకుందట. మిగిలిన రెండింటినీ రాత్రిళ్లు కుర్చీలో గడ్డం కింద పెట్టుకుని పడుకునేదట, చలికి అవి కూడా పోతాయేమోనని.

ఎంత తెలివితక్కువ మనిషి.

ఆ రెండింటినీ తెచ్చి నా షెడ్డులో పెట్టాను. చేతులు కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను.

మే 15, గురువారం

పెట్టె వచ్చింది. ఈసారి పోస్టాఫీసు బయటికే గోల వినబడింది. మాకి చెవుల్లో దూది పెట్టుకుని నవ్వుతున్నాడు. అన్నీ బతికే ఉన్నాయి. సంతకం పెట్టేటప్పుడు హెల్వి గారికెలా ఉందని అడిగాడు. నాకేం తెలుసన్నాను.

అక్కణ్నుంచి నేరుగా ఆసుపత్రికి పోనిచ్చాను. పెట్టె కార్లో, హీటర్ వేసి, ఓలావిని కాపలా పెట్టి.

హెల్వి దిండుకి ఆనుకుని ఉంది. సగమైపోయింది. సెలైన్ బాటిల్ కింద ఆ చెయ్యి చూడబుద్ధి కాలేదు. నల్లవి వచ్చాయన్నాను.

"నీవో?" అంది.

వచ్చాయన్నాను. తర్వాత చెప్పాలనుకున్న మాట ఒకటుంది. నర్సు వచ్చింది. నర్సు వెళ్లాక కూడా చెప్పలేదు. నా ఇంట్లో మిగిలినవి పుంజులని మాత్రం చెప్పాను. నవ్వేసరికి కడుపు పట్టుకుంది. నొప్పెట్టినట్టుంది. అయినా ఆపలేదు.

జూన్ 8, ఆదివారం

హెల్వి వచ్చి తన నల్లవాటిని తీసుకెళ్లింది. చేతికి గ్లవ్స్ వేసుకుని, ఒక్కొక్కదాన్నీ. గూడు శుభ్రంగా ఉంచానని మెచ్చుకుంది. అంటే శుభ్రంగా ఉండదనుకుందన్నమాట.

జులై 19, శనివారం

తెల్ల పుంజులు కూత నేర్చాయి. ఒకటి మొదలెడితే పన్నెండూ అందుకుంటాయి. బంగారు పెట్టలను తిండి తిననివ్వడం లేదు. కొయ్యక తప్పదు. ఓలావి కొయ్యలేడు. జింకనైతే దూరం నుంచి కాలుస్తాడట. వీటి కళ్లు దగ్గరగా ఉంటాయట.

నేనొకదాన్ని పట్టుకున్నాను. వదిలేశాను. చెయ్యి జారిందని చెప్పాను.

మధ్యాహ్నం హెల్వి కత్తి పట్టుకుని వచ్చింది. ఎవరూ పిలవలేదు. ఆ కూతలు అటు వైపుకీ వినబడతాయి మరి. చకచకా కానిచ్చింది. ఈకలు నేను పీకాను. ఆరు నీకు, ఆరు నాకు అన్నాను. సరేనంది.

జులై 20, ఆదివారం

సూప్ చేశాను. ఎముకలు తప్ప ఏం లేవు. హెల్విని పిలిచాను. ఉప్పు తక్కువైందంది.

తక్కువైంది.