గింజ మీద గీతలు

డిసెంబర్ 14
ఇవాళా బంద్. తార్నాక నుంచి బోటనీ డిపార్ట్‌మెంటుకు నడకే. ఎండుమొక్కలు దాచే హెర్బేరియం తాళం నా దగ్గరుంది — నానబాలు జాతి మీద పీహెచ్‌డీ నాదే కదా. మా గైడ్ సార్ ముప్పై ఏళ్ల కిందట తార్నాకలో ఓ మొక్క పీకి, ఎండబెట్టి అంటించిన షీటు తీశాను. లేబుల్ మీద థైమిఫోలియా — రెడ్డివారి నానబాలు. ఎడమ కొమ్మ కాయ విప్పి లెన్సు కింద పెట్టాను. అంచుల మీదే నూగు. గింజకు అడ్డంగా పదునైన గట్లు. ఇది ప్రోస్ట్రేటా, అదే జాతిలో ఇంకో మొక్క. సార్ తప్పు రాశారు.

డిసెంబర్ 15
మళ్లీ చూశాను. ప్రోస్ట్రేటానే. అనుమానమే లేదు.

డిసెంబర్ 16
క్యాంటీన్లో యాదగిరికి చెప్పడం నా బుద్ధితక్కువ. పక్క ల్యాబు జూనియర్, ఉద్యమంలో ముందుంటాడు.
"ఆంధ్రా సార్ తప్పు పట్టినవా అక్కా. మీటింగుల చెప్తా."
"గింజకు ఆంధ్రా ఏందిరా, నోర్మూసుకో."
నవ్వాడు. నేనూ జై తెలంగాణ అనేదాన్నే, మొన్న పోలీసుల గ్యాసుకు కళ్లు మండినదాన్నే. అయినా ఈ గింజ మైకులోకి ఎక్కకూడదు.

డిసెంబర్ 18
హెర్బేరియంలో పాత లేబుల్ చింపరు, కొట్టెయ్యరు. పక్కన కొత్త చీటీ అంటిస్తారు — సరైన పేరు, చూసినవాళ్ల పేరు, తేదీ. రాశాను. జిగురు పెట్టలేదు. ముందు సార్‌కు చెప్పాలి, ఇంకెవరి నోటో వినకముందే.

డిసెంబర్ 21
చెప్పాను. బయట నినాదాలు. సార్ కిటికీ వేసి, లెన్సు పట్టుకుని చాలాసేపు చూశారు.
"కరెక్టేనమ్మా. ప్రోస్ట్రేటానే."
గెలిచాననుకున్నాను.
"కుడి కొమ్మ కాయ విప్పావా?"
విప్పలేదు. ఒక షీటు, ఒక మొక్క అనుకున్నాను… అప్పుడు విప్పాను. కాయ ఒళ్లంతా నూగు. గింజ మీద గీతలు లీలగా. థైమిఫోలియా.
"రెండూ కలిసే పెరుగుతాయి. తెలీక ఒక్క గుప్పిట్లో పీకేసుంటాను. విడదీస్తావో, ఇలాగే ఉంచి ఎ, బి అని రాస్తావో… చీటీ నీది."

డిసెంబర్ 22
రెండింటి వేర్లూ కింద పెనవేసుకుని ఉన్నాయి. బ్లేడు పెడితే ఏదో ఒకటి విరుగుతుంది.
మెట్ల మీద యాదగిరి. "సార్ ఒప్పుకున్నడా?"
"ఒప్పుకున్నరు" అన్నాను. అంతే అన్నాను. కుడి కొమ్మ సంగతి నోటిదాకా వచ్చి ఆగింది. వాడు చకచకా దిగిపోయాడు.
ఐదింటికి వాళ్ల మీటింగు. ఇప్పుడు నాలుగుంబావు…