ఉప్పు తిన్న ప్లగ్గు

నాన్నగారూ,

పికప్ బండి స్టార్ట్ చెయ్యకండి. ఇంజిన్‌లో రెండో స్పార్క్ ప్లగ్గు విప్పేసి, ఆ కన్నంలో గుడ్డ కుక్కేను. కొత్తది సాయంత్రం స్కూలు వదిలాక అమలాపురంలో కొనుక్కొస్తాను. మీ ఇడ్లీలు హాట్‌ప్యాక్‌లో ఉన్నాయి.

బండి కుదుపులతో మిస్సింగ్ ఎందుకొస్తోందో దొరికింది. పొద్దున్న మేకుకున్న తాళం తీసి ఇంజిన్ ఆన్ చేసి, ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటీ పీకి మళ్ళీ పెట్టి చూశాను. మిగతా ఏది పీకినా బండి ఇంకా ఎక్కువ వణికింది. రెండోది పీకితే మాత్రం తేడాయే లేదు. అంటే పనిచెయ్యనిది అదే. విప్పి చూస్తే ప్లగ్గంతా తుప్పు, చుట్టూ తెల్లగా ఉప్పు. మీరు ప్రతి శనివారం బానెట్ ఎత్తి మరీ రొయ్యల చెరువు నీళ్ళు కొడుతున్నారు కదా, అవే లోపలికి దిగేయి.

మీ అల్లుడుగారు కల్తీ పెట్రోలు పోయించారని మీరన్నది నిజం కాదు. నిన్న నలుగురి ముందూ మీరు ఆయన చేతిలోంచి తాళం లాగేసుకున్నారు. ఇల్లరికం వచ్చిన మనిషి ఏమని ఎదురు చెప్తారు? "ఆయ్, అలాగేనండి మామయ్యగారూ" అని ఊరుకున్నారు.

శారోన్

ఇంకో మాట. ఉప్పు నీళ్ళ వల్లేనని ఆయనకి ముందే తెలుసట. మరెందుకు చెప్పలేదని అడిగితే, "ఆదివారం చర్చికెళ్ళేసరికి బండి మెరిసిపోవాలని మామయ్యగారు అంత ముచ్చటపడి కడుక్కుంటున్నారు, వద్దని ఎలా అంటాను?" అన్నారు. తాళం ఈ చీటీ పక్కనే పెట్టాను, మళ్ళీ మేకుకి తగిలించకండి. ఆయన చేతికే ఇవ్వండి.