ఐసుముక్క మీద గౌరి రాసిన వాక్యం

మంగళవారం, రాత్రి

ఏడాదిగా ఈ ఖిదిర్‌పూర్ తెలుగు బడిలో గౌరి చేత అక్షరాలు దిద్దిస్తున్నాను. ఆ పిల్ల ఒక్క మాటైనా సొంతంగా రాయలేదు. ఈరోజు కొత్త టీచరు స్వాతి సైన్సు పాఠంలో పళ్లెంలో ఐసుముక్క పెట్టి, చూసింది చూసినట్టు రాయమంది. నేను వెనక బెంచీలో కూర్చుని చూస్తున్నాను. గౌరి రాసేసింది: "ఐసు నీలు అయింది."

పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నాకు కడుపు మండిపోయింది. ఆ పుస్తకం లాక్కుని, "నీలు" చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను.

"ఐసు నీళ్లయిపోనాది కదా టీచర్, తప్పేటి?" అంది గౌరి.

"ళ్లు" రాయాలని చెప్పాల్సింది. పుస్తకం తిరిగి ఇచ్చేశాను. ఈ ఏడాదిలో ఆ పిల్ల నన్నొక ప్రశ్న అడగడం ఇదే మొదలు. అడగడమూ స్వాతి దగ్గరే నేర్చుకుంది కాబోలు.