రాయని పరీక్ష

ఆదోని,
నవంబరు 16, ఆదివారం.

చిరంజీవి వెంకటసాయికి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నాన్న, అక్క, నేను బాగున్నాం. ఎమ్మిగనూరులో తాత కూడా కులాసా. నువ్వూ బాగున్నావని రాయబోయి ఆగాను. బాగుండాలని మాత్రం రాస్తున్నాను.

పొద్దున ఫోనులో మనకిచ్చిన ఐదు నిమిషాల్లో నువ్వు "ఊఁ", "సరేమ్మా" తప్ప ఏమీ అనలేదు. పక్కన మీ హాస్టల్ వార్డెన్ ఉంటాడని తెలుసు. అందుకే నీలాగే నేనూ కాగితం పట్టుకున్నాను. నీ ఉత్తరం బుధవారం అందింది. నాన్న మార్కెట్ యార్డుకు పోయాక తలుపు దగ్గరికి వేసి చదివాను.

ముందు నువ్వడిగినవి చెప్తాను. తాత మోకాలి నొప్పి తగ్గింది, నూలు అంగడికి నడిచే పోతున్నాడు. పత్తి బాగా వస్తోంది. నాన్న రోజూ చొక్కా నిండా దూది అంటించుకుని ఇంటికొస్తాడు. నీ సైకిలు ఎవరికీ ఇవ్వలేదు. అక్క ఇంకా ఇల్లంతా వినపడేట్టే చదువుతోంది, డిగ్రీకి వచ్చినా గొంతు తగ్గలేదు. మొన్న టిఫినుకు ఉగ్గాని చేద్దామని బొరుగులు నలుగురికీ నానబెట్టేశాను. "వాని వాటా నేను తింటాలేమ్మా" అని అక్క గిన్నె ముందుకు లాక్కుంది కానీ తినలేకపోయింది. ఉతికిన బట్టలు నీ మంచం మీద పెట్టడం మానేశాను. అది ఖాళీగా ఉంటే, నువ్వు వీధిలోకి పోయావు, ఇప్పుడే వస్తావు అన్నట్టుంటుంది.

ఇక నీ ఉత్తరంలోని మాట. "అమ్మా, ఈడ అందరూ నాకన్నా బిరీన లెక్క ముగిస్తారు. నా తెలివి అయిపోయినట్టుంది. స్టడీ అవర్లో పుస్తకం తెరవడం లేదు. చదవక మార్కులు తగ్గితే, చదవలేదు కాబట్టి అనుకోవచ్చు. కష్టపడి చదివీ తగ్గితే ఇంక నాకేం మిగుల్తుంది? నన్ను ఇంటికి తీసుకుపో" అని రాశావు. ఆ మాటలు ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు.

మర్నాడు వార్డెన్ ఫోను చేశాడు. మూడు వారాలుగా లెక్కల పరీక్ష ఉన్న ప్రతిసారీ కడుపునొప్పి అని పడుకుంటున్నావట. డాక్టరు చూస్తే ఏమీ లేదట. నాన్నకు కోపం వచ్చింది. "పుట్టు బుర్ర వానిది. వానికి రాకపోయేదేంది? అంతా సోమరితనం" అన్నాడు. ఆ కడుపునొప్పి ఎలాంటిదో నాకు తెలుసు.

తప్పు మొదలైంది మా దగ్గరే, సాయీ. ఐదేళ్ళప్పుడు నాన్న ఒళ్ళో కూర్చుని పత్తి మూటల బరువులు నోటితోనే కూడేవాడివి. యార్డులో హమాలీ పెద్దయ్య మోస్తున్న మూట దించి మరీ నిన్ను అడిగేవాడు. జవాబు చెప్పగానే "యప్పా, ఇది నేర్పితే వచ్చేది కాదు సామీ, పుట్టుకతో వచ్చింది!" అని నెత్తి నిమిరేవాడు. మేము ఉబ్బిపోయేవాళ్ళం. అదే ఇంట్లో అక్క ఒక్క లెక్క పట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంటే, "పాపం, దానికి అంత రుద్దితే గానీ ఎక్కదు" అని నీ ముందే అనేదాన్ని. నువ్వు విన్నావు. రుద్దడం తెలివి లేనివాళ్ళ పని అనుకున్నావు. ఇప్పుడు నీకూ రుద్దాల్సిన లెక్కలు వచ్చేసరికి పుస్తకం తెరవడమే నామోషీ అయింది.

ఆ మాట గుచ్చుకుందా అని అక్కను ఈ వారమే అడిగాను. "ఎందుకు గుచ్చుకోదమ్మా? కానీ పోతుందని భయపడేకి నాకు పేరేమీ లేకపోయె. ఇంటర్లో తప్పితి, మళ్ళీ కూర్చుని రాస్తి" అన్నది. దాని ముఖం చూడలేకపోయాను.

ఇప్పుడు రాయబోయేది నీకు ఎన్నడూ చెప్పలేదు. అమ్మను చదివించి ఉంటే కలెక్టరయ్యేది, తాత తొందరపడి పెళ్ళి చేశాడు అని చిన్నప్పటి నుంచి వింటున్నావు కదా. అది అబద్ధం నాయనా.

ఎమ్మిగనూరులో నేనూ పుట్టు తెలివిగలదాన్నే. తాత అంగడికి వచ్చిన ప్రతివాళ్ళకూ నా మార్కులు చెప్పేవాడు. ఇంటర్ రెండో ఏడు ఇంటిగ్రేషన్ వచ్చింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అడిగితే పేరు పోతుందని ఎవరినీ అడగలేదు. లెక్కల పరీక్ష రోజు తాతే నన్ను ఆదోని బస్సెక్కించాడు. బస్టాండులో దిగి, సిమెంటు బెంచీ మీద మూడు గంటలు కూర్చుని, తిరుగు బస్సెక్కి ఇంటికి పోయి "బాగా రాసినా నాయనా" అన్నాను. పరీక్షల ముందు నుంచే తాత ఇంట్లో నా పెళ్ళి మాటలు ఎత్తుతున్నాడు. ఆ నెలలోనే మీ నాన్న సంబంధం వచ్చింది. వెంటనే ఒప్పుకున్నాను. ఫలితాలు వచ్చాక, పెళ్ళి మాటల్లో పడి మనసు పెట్టి చదవలేకపోయానన్నాను. తాత నమ్మాడు. ఆ నింద ఇరవై ఏళ్ళు తనే మోశాడు.

నీ ఉత్తరం చదివాక ఇంక దాచలేకపోయాను. శుక్రవారం ఎమ్మిగనూరు పోయాను. తాత అంగట్లో నూలు సర్దుతున్నాడు. నిలబడే అంతా చెప్పేశాను.

"అంటే, నీ సదువు నేను సెడగొట్టలేదా?" అన్నాడు.

"లేదు నాయనా."

"ఇరవై ఏండ్లు అలివేలూ! నువ్వు వచ్చినప్పుడల్లా నీ ముఖం సూసేకి నాకు సిగ్గయితాండె."

కాళ్ళు పట్టుకున్నాను. ఆయన లేవదీయలేదు. "తప్పితే నేను కొడతానని భయపడితివా?" అని అడిగాడు.

"లేదు. నా బిడ్డ తెలివిగలదని అందరికీ సెప్పుకుంటాంటివి కదా. అది పోతుందని."

"నేను ముద్దుకు సెప్పుకుంటి కదమ్మా" అన్నాడు. ఇంటి నుంచి వచ్చిన క్యారియరు మూత కూడా తీయలేదు. సాయంత్రం బస్టాండుకు మాత్రం వచ్చాడు. కిటికీ కింద నిలబడి, "వానికి రాయి. ఏదీ దాయకుండా రాయి" అన్నాడు. నన్ను క్షమించాడో లేదో నాకు తెలియదు. బస్సు కదిలేదాకా అక్కడే ఉన్నాడు.

నిన్న పొద్దున అక్క పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. "నేర్పు" అన్నాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఒక్క ఇంటిగ్రేషన్ లెక్కకు మధ్యాహ్నం దాకా పట్టింది. నాలుగుసార్లు తప్పింది. ఒకసారి కాగితం చించబోతే అక్క చెయ్యి పట్టుకుంది. "సించొద్దుమా. యాడ తప్పినావో దాంట్లోనే కనపడుతుంది" అన్నది. ఐదోసారి జవాబు కలిసింది. నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆయనకూ అప్పుడే అంతా చెప్పాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు నేను చేసిన తప్పులనే చూస్తూ ఉండిపోయి, "పరీక్షకు పొమ్మని రాయి. మార్కులు నేను అడగను" అన్నాడు.

రేపు దీన్ని కొరియర్లో వేస్తాను. వచ్చే ఆదివారం నేనూ నాన్నా విజయవాడ వస్తున్నాం. ఇంటికి వస్తానంటే తీసుకొస్తాం, ఉంటానంటే ఉందువు. నీ మీద ఎవరికీ కోపం లేదు. కానీ శనివారం లెక్కల పరీక్ష ఉందన్నాడు వార్డెన్. దానికి పో, నాయనా. వచ్చింది రాయి. రానిదాని దగ్గర ఎంతవరకు పోగలిగితే అంతవరకు పోయి ఆగు. దిద్దిన కాగితం ఇస్తే తీసుకుని ఆదివారం గేటు దగ్గరికి రా. నీ పదహారేళ్ళలో నువ్వు తప్పు చేసిన లెక్క ఒక్కటీ నాకు చూపించలేదు సాయీ. నాకు చూడాలని ఉంది.

ఇట్లు,
నిన్ను చూడక ఐదు నెలలైన
మీ అమ్మ,
అలివేలుమంగ