నాయన వెన్ను విరగలేదు

మార్కాపురం, సోమవారం.

తమ్ముడు ఏబేలుకు,

ప్రభువు దయవల్ల ఇంట్లో అందరం బాగున్నాం. అందరం అంటే నాయన కూడా. ముందు ఆ మాట రెండుసార్లు చదువుకో. నువ్వు నంద్యాలలో రైలు పనిలో ఉన్నావని, అక్కడ మేకలు అమ్మి వచ్చిన ఆదెయ్య మామ నిన్ననే చెప్పాడు.

ఆ రోజు నువ్వూ నాయనా పలకరాయిని బండిలోకి ఎత్తేటప్పుడు నీ చెయ్యి జారింది. బరువంతా నాయన మీద పడి, వెన్నులో టప్పుమన్నది. వెన్ను విరిగిందన్న భయంతో నువ్వు ఆ సాయంత్రమే వెళ్లిపోయావు. మేమూ అలాగే అనుకొని ఆయన్ని బండిలో పడుకోబెట్టి కంభం ఆసుపత్రికి తీసుకువెళ్లాం.

డాక్టరమ్మ వెన్నంతా నొక్కి చూసింది. "ఎముక విరగలేదు. ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీలు చీలినాయి. వయసులో ఉన్నప్పుడు అవి సాగి మళ్లీ బిగుస్తాయి. ముసలితనంలో ఆ బలం తగ్గిపోతుంది. ఈయన ఒక్కడే వంగి ధాన్యం మూట ఎత్తినా ఇట్లనే అయ్యేది" అన్నది.

మూలుగుతున్న నాయన తల తిప్పి, "అయితే మావోడి తప్పేం లేదు కదమ్మా?" అన్నాడు. ఆమె లేదనగానే, "ఆ మాట వాడికెవరు చెప్తారు? ఏడకి పోయినాడో ఏమో" అని ఏడ్చాడు.

ఇక బరువులు ఎత్తకూడదట. కానీ కర్ర లేకుండా నడుస్తున్నాడు. నిన్న గుడిలో పాటకు అందరితోపాటు లేచి నిలబడ్డాడు. పాట అయ్యేదాకా వాకిలి వైపే చూస్తున్నాడు.

బయలుదేరి వచ్చెయ్యి తమ్ముడూ.

నీ అక్క